కుక్కపిల్లకు ఆరోగ్య బీమా తీసుకోవాలా, వద్దా: లెక్క తేల్చుకునే పద్ధతి

బీమా గిట్టుబాటవుతుందా అని అడిగితే, సగటు మీద గిట్టదు అన్నదే నిజాయితీ జవాబు. కట్టించుకున్నదానికంటే ఎక్కువ తిరిగిచ్చే కంపెనీ ఎన్నాళ్లో నిలబడదు. అయినా కొందరు తీసుకుని తీరాలి, కొందరికి అక్కర్లేదు. తేడా అంతా ఒకేరోజు మీద పడే పెద్ద బిల్లు దగ్గర ఉంది. "ఈ రాత్రికే ఆపరేషన్ చెయ్యాలి" అని డాక్టరు అన్నప్పుడు మీరు డబ్బు చూసుకుని ఆగాల్సి వస్తుందా, రాదా? టీకాలు, నట్టల మందు, గోళ్లు కత్తిరించడం లాంటివి ఎప్పుడు ఎంతవుతాయో ముందే తెలిసిన ఖర్చులు. వాటి కోసం బీమా గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

కుక్కపిల్ల విషయంలో మరో సంగతి ఉంది. దాని వైద్య రికార్డు ఇప్పుడు దాదాపు ఖాళీ. రెండేళ్లు ఆగి తీసుకుందాంలే అనుకునేసరికి చెవిలో చీము, కుంటు, దురద అంటూ నాలుగు లైన్లు ఎక్కేస్తాయి. ఆ నాలుగింటికీ ఇక ఏ కంపెనీ అంత తేలిగ్గా డబ్బివ్వదు. కాబట్టి ఈ లెక్కను పిల్ల ఇంటికొచ్చిన పది పదిహేను రోజుల్లోనే తేల్చుకోవాలి. తేలిన జవాబు "వద్దు" అయినా సరే.

1. ముందు మూడు ఎస్టిమేట్లు తెచ్చుకోండి

పాలసీలు చూడడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఇది. మీరు మామూలుగా వెళ్లే క్లినిక్‌లో ఒకసారి, రాత్రిపూట తెరిచి ఉండే పెద్ద పశువుల ఆసుపత్రిలో ఒకసారి ఈ మూడింటికి సుమారు ఎంతవుతుందో అడగండి:

- పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన పిల్లను 5 నుంచి 7 రోజులు సెలైన్ పెట్టి ఉంచుకోవడానికి
- పేగులో అడ్డం పడ్డ వస్తువును ఆపరేషన్ చేసి తియ్యడానికి, ఎక్స్‌రే, స్కానింగ్, మత్తు, తర్వాతి మందులతో కలిపి
- కాలి ఎముక విరిగితే ప్లేటు వేసి సరిచెయ్యడానికి

ఈ మూడే ఎందుకంటే, మొదటి ఏడాదిలో కుక్కపిల్లలకు వచ్చే పెద్ద బిల్లుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోనివే. పార్వోకు వైరస్‌ను నేరుగా చంపే మందులు అన్నిచోట్లా దొరకవు. వాంతులు, విరేచనాలతో పోయిన నీటిని నరం ద్వారా ఎక్కిస్తూ, పేగు గోడ కోలుకునేదాకా పిల్లను నిలబెట్టడమే ముఖ్యమైన వైద్యం. అందుకే రోజుల లెక్కన బిల్లు పెరుగుతుంది. వైద్యం అందకపోతే చాలా పిల్లలు చనిపోతాయి, సకాలంలో అందితే ఎక్కువ శాతం బతుకుతాయి. డబ్బుకు, ప్రాణానికి మధ్య ఇంత సూటి సంబంధం ఉన్న జబ్బులు తక్కువ.

మింగిన వస్తువు కథ మరోలా ఉంటుంది. సాక్సు, బంతి ముక్క, పండు టెంక, దారంతో సహా సూది... పళ్లు వచ్చే వయసులో పిల్ల నోటికి అందినదల్లా లోపలికే పోతుంది. మింగడం మీరు చూసి వెంటనే పరిగెత్తితే వాంతి చేయించో, గొట్టం వేసి లాగో బయటికి తియ్యొచ్చు. అయితే సూది లాంటి మొనదేలినవాటికి వాంతి చేయించకూడదు. వస్తువు కడుపు దాటి పేగులోకి వెళ్లి ఇరుక్కుంటే ఆపరేషనే దారి. పేగు నల్లబడిందంటే ఆ ముక్క కోసేసి మిగతాది కలిపి కుట్టాలి. ఒకే వస్తువుకు మూడు దశల్లో మూడు రకాల బిల్లు. ఎస్టిమేట్ అడిగేటప్పుడు ఆఖరి దశకు ఎంతవుతుందో కూడా అడగండి.

మూడింట్లో పెద్ద అంకెను కాగితం మీద రాసుకోండి. ఇకమీద దాన్ని "పెద్ద బిల్లు" అందాం.

2. మీ జేబును కొలవండి

పక్కనే రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. పెద్ద బిల్లును రేపు ఉదయానికల్లా అప్పు చెయ్యకుండా కట్టగలరా? కడితే, అదే ఏడాదిలో రెండోసారి కూడా కట్టగలరా?

రెండింటికీ అవును అనుకుంటే మీకు బీమా ఒక ఐచ్ఛికం మాత్రమే, 8వ అంచెలోని నిధి సరిపోవచ్చు. మొదటిదానికే కాదు అనుకుంటే జాగ్రత్తగా చదవండి. ఎందుకంటే చాలా పాలసీలు డబ్బును ఆసుపత్రికి కట్టవు. ముందు మీరు కట్టాలి, తర్వాత బిల్లులు పంపాలి, కొన్ని రోజులకో వారాలకో మీ ఖాతాలో వేస్తారు. బీమా ఉంది కదా అని చేతిలో ఏమీ లేకుండా వెళ్లినవాళ్లు క్యాష్ కౌంటర్ దగ్గర ఇరుక్కుపోయేది ఇక్కడే. నేరుగా ఆసుపత్రికి చెల్లించే ఏర్పాటు కొన్ని కంపెనీలకు ఉంటుంది, అదీ తమ జాబితాలోని ఆసుపత్రుల్లోనే. మీ క్లినిక్ ఆ జాబితాలో ఉందో లేదో, రాత్రిపూట కూడా ఆ సదుపాయం పనిచేస్తుందో లేదో క్లినిక్ వాళ్లనే అడగండి. కంపెనీ వెబ్‌సైట్ కంటే క్లినిక్ రిసెప్షన్‌కు ఈ సంగతి బాగా తెలుసు.

3. జాతిని బట్టి ప్రమాదం

ప్రీమియాన్ని జాతి, వయసు, మీరుండే ప్రాంతం బట్టి లెక్కగడతారు. మీరు కూడా అదే కళ్లతో చూడాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు, మోచేతి కీలు సరిగ్గా అమరకపోవడం, మోకాలి లిగమెంట్ తెగడం ఎక్కువ. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి సమస్య పుట్టుకతోనే ఉంటుంది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలి చివరనున్న మెత్తటి భాగాన్ని కత్తిరించే ఆపరేషన్ కొన్నింటికి తప్పదు. డాక్స్‌హండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్లు పడిపోయే ప్రమాదం. పొమెరేనియన్, చివావా లాంటి చిన్నవాటికి మోకాలి చిప్ప పక్కకు జారడం. కావలియర్ కింగ్ చార్లెస్‌కు గుండె కవాటం జబ్బు. గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్నవాటికి కడుపు ఉబ్బి మెలి తిరగడం, ఇది గంటల్లో ప్రాణం తీస్తుంది.

వీధి కుక్కలు, కలగలుపు జాతులకు ఇలాంటి ఫలానా జబ్బు అని ముందే చెప్పడం కష్టం. వంశపారంపర్య సమస్యలు కొంత తక్కువని చెప్పుకోవచ్చు. కానీ పార్వోకు, బండి కింద పడడానికి, పిడుదుల జ్వరానికి జాతితో పనిలేదు.

మీ జాతికి ఉన్న ముఖ్యమైన రెండు మూడు జబ్బులను కాగితం మీద రాసుకోండి. తర్వాతి అంచెలో పాలసీని చదివేది వీటి కోసమే. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు పాలసీ కొని, అందులో ఊపిరి ఆపరేషన్ మినహాయించారని తర్వాత తెలిస్తే, ఆ పాలసీ విలువలో సగం అక్కడే పోయినట్టు.

4. అది అసలు వైద్య బీమాయేనా?

పేరులో "పెట్ ఇన్సూరెన్స్" అని ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది వైద్యం ఖర్చు కాకపోవచ్చు. కొన్ని పాలసీలకు మూలం పశువుల బీమా. కుక్క చనిపోతే దాని విలువ ఇస్తారు, వైద్యం అన్నది అదనంగా కట్టి తగిలించుకోవాల్సిన చిన్న భాగం. చనిపోయాక వచ్చే డబ్బుతో ఆపరేషన్ చేయించలేం కదా. అందుకే మొదటి పేజీలో "బీమా మొత్తం" అని కనిపించే పెద్ద అంకె దేనికో చూడండి. మరణానికా, చికిత్సకా?

చికిత్సకు డబ్బిచ్చే పాలసీలు స్థూలంగా ఇలా ఉంటాయి. ప్రమాదాలకు మాత్రమే వర్తించేవి చవక: ఎముక విరగడం, విషం తినడం, వస్తువు మింగడం లాంటివి వస్తాయి, జబ్బులేవీ రావు. ప్రమాదాలూ జబ్బులూ కలిపి ఉన్నవే అసలైన బీమా. "వెల్‌నెస్" పేరుతో టీకాలు, నట్టల మందు, పళ్లు శుభ్రం చెయ్యడం లాంటివి కలిపేది మూడోది. దానికి అదనంగా ఎంత కట్టాలో, ఏడాదికి గరిష్ఠంగా ఎంత తిరిగిస్తారో పక్కపక్కన రాస్తే రెండూ దాదాపు ఒకటే అని చాలాసార్లు తేలుతుంది. అంటే మీ డబ్బే మీకు వాయిదాల్లో తిరిగొస్తుంది. మినహాయింపు ఒకటుంది: పిల్లకు స్టెరిలైజేషన్ ఆపరేషన్ కూడా ఆ ప్యాకేజీలో ఉండి, మొదటి ఏడాదిలోనే చేయిస్తున్నట్లయితే గిట్టొచ్చు.

జబ్బులకు పరిమితి ఎలా పెట్టారన్నది అన్నిటికంటే ముఖ్యం. మూడు పద్ధతులున్నాయి. ఒక జబ్బు మొదలైన నాటి నుంచి 12 నెలలే ఇస్తారు, ఆ తర్వాత అది శాశ్వతంగా మినహాయింపు. లేదా ఒక్కో జబ్బుకు మొత్తం ఇంత అని గీత గీస్తారు, అది అయిపోతే అంతే. లేదా ఏడాదికి ఇంత అని పెట్టి, రెన్యువల్ చేసిన ప్రతిసారీ ఆ మొత్తాన్ని మళ్లీ మొదటికి తెస్తారు. చర్మం అలర్జీ, మూర్ఛ, మధుమేహం, గుండె జబ్బు లాంటివి జీవితాంతం ఉండేవి. కుక్కపిల్లకు తీసుకునేటప్పుడు వీలైనంతవరకు మూడో రకమే చూడండి. 12 నెలల రకం ఎముక విరిగితే చాలు, అలర్జీ వస్తే చాలదు.

5. మినహాయింపుల పేజీ చదవడం

ప్రకటన పత్రం వద్దు, పూర్తి నిబంధనల పత్రం అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగే చోట కొనకండి. అందులో ఈ కింది మాటలు ఎక్కడున్నాయో వెతకండి.

వెయిటింగ్ పీరియడ్: పాలసీ మొదలైనా కొన్ని రోజులదాకా క్లెయిమ్ ఉండదు. ప్రమాదాలకు వెంటనే మొదలుకుని రెండు వారాలదాకా, జబ్బులకు సాధారణంగా 14 నుంచి 30 రోజులు, మోకాలి లిగమెంట్, తుంటి కీలు లాంటివాటికి ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది కూడా ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పార్వో వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. తెచ్చిన చోటే అంటించుకుని వచ్చిన పిల్లకు జబ్బు బయటపడేది సరిగ్గా వెయిటింగ్ పీరియడ్‌లోనే. మొదటి రెండు వారాల్లో వచ్చే జబ్బుకు ఏ బీమా అక్కరకు రాదని ముందే అనుకుని, ఆ డబ్బు చేతిలో ఉంచుకోండి.

ముందునుంచీ ఉన్న జబ్బు: పాలసీకి ముందే ఉన్నదానికి డబ్బివ్వరు. అలా లెక్కించాలంటే డాక్టరు జబ్బు పేరు పెట్టి ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు, లక్షణం చాలు. టీకాకు వెళ్లినప్పుడు మాటల మధ్య మీరన్నది డాక్టరు ఇలా రాసుకుంటారు: "యజమాని మాట: అప్పుడప్పుడు ఎడమ వెనక కాలు ఎత్తి గెంతుతోంది. పరీక్షలో ఏమీ తేలలేదు." ఏడాది తర్వాత మోకాలి చిప్ప ఆపరేషన్ క్లెయిమ్ పెడితే కంపెనీ పాత రికార్డంతా తెప్పించుకుంటుంది, ఆ ఒక్క లైను దగ్గర వేలు పెడుతుంది. పైగా చాలా పాలసీల్లో "రెండు పక్కల" నిబంధన ఉంటుంది: ఒక మోకాలికి ముందే సమస్య ఉంటే రెండో మోకాలు కూడా మినహాయింపే. తుంటి, మోచెయ్యి, కళ్లు, చెవులకు కూడా అదే సూత్రం వాడొచ్చు.

దీనికి విరుగుడు, డాక్టరు దగ్గర సంగతి దాచడం కాదు. దాస్తే కుక్కకు నష్టం, బయటపడితే పాలసీ రద్దు. లక్షణాలు కనిపించకముందే పాలసీ మొదలుపెట్టడమే మార్గం. ఇక నయమయ్యే జబ్బుల విషయంలో కొన్ని కంపెనీలు మెత్తగా ఉంటాయి. ఆరు నెలలో ఏడాదో మళ్లీ లక్షణం లేకపోతే పాతదిగా లెక్కించవు. ఆ వాక్యం పత్రంలో ఉందో లేదో చూడండి, ఫోనులో ఏజెంటు చెప్పింది లెక్కలోకి రాదు.

పుట్టుకతో వచ్చినవి, వంశపారంపర్యంగా వచ్చేవి: రెండూ వేర్వేరు. బొడ్డు దగ్గర హెర్నియా, వృషణం కిందికి దిగకపోవడం పుట్టుకతో ఉండేవి. తుంటి కీలు సమస్యకు మూలం జన్యువుల్లోనే ఉన్నా నెలలు గడిచాక బయటపడుతుంది. ఒకదానికి ఇచ్చి ఇంకోదానికి ఇవ్వని పాలసీలున్నాయి. 3వ అంచెలో రాసుకున్న జబ్బుల పేర్లు ఇక్కడ ఒక్కొక్కటే సరిచూసుకోండి.

టీకాలు: టీకాతో ఆపగలిగే జబ్బు టీకా వేయించని కుక్కకు వస్తే క్లెయిమ్ తిరస్కరించడం దాదాపు అందరూ చేసేదే. పిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (జబ్బును అడ్డుకునే ప్రొటీన్లు) మొదటి డోసులను అడ్డుకోవచ్చు కాబట్టే ఆఖరి డోసు అంత ముఖ్యం. దాన్ని ఎగ్గొడితే పిల్లకూ క్లెయిమ్‌కూ రెండింటికీ చేటు.

పళ్లు: ప్రమాదంలో విరిగితే ఇస్తారు, చిగుళ్ల జబ్బుకు చాలావాటిలో ఉండదు, లేదా ఏటా పళ్లు శుభ్రం చేయించిన రుజువు అడుగుతారు. చిన్న జాతుల్లో ఆరు నెలలు దాటినా ఊడని పాలపళ్లు పీకించాల్సి వస్తుంది, అదీ సాధారణంగా మినహాయింపే.

ప్రత్యేక ఆహారం, ప్రవర్తన శిక్షణ, కాన్పు ఖర్చులు, తోక చెవులు కత్తిరించడం చాలావాటిలో ఉండవు. కన్సల్టేషన్ ఫీజు ఉందో లేదో విడిగా చూడండి. ప్రతి విజిట్‌కూ పడేది కాబట్టి చిన్నదిగా కనిపించినా కలిపితే బాగానే అవుతుంది.

6. చేతికి నిజంగా ఎంతొస్తుంది?

కరెన్సీ పక్కనపెట్టి అంకెలతో చూద్దాం. బిల్లు 40,000. ముందుగా మీరు భరించాల్సిన డిడక్టిబుల్ 5,000. ఆ తర్వాత కంపెనీ వాటా 80 శాతం.

డిడక్టిబుల్ ముందు తీసేస్తే: 35,000లో 80 శాతం, అంటే 28,000 వస్తుంది. శాతం ముందు లెక్కగట్టి డిడక్టిబుల్ తర్వాత తీసేస్తే: 32,000 లోంచి 5,000 పోయి 27,000. తేడా 1,000. బిల్లు ఎంత పెద్దదైనా ఈ తేడా మారదు, డిడక్టిబుల్‌లో మీ వాటా శాతమెంతో అంతే. దీని గురించి జనం అనవసరంగా ఎక్కువ తర్జనభర్జన పడతారు.

కొంప ముంచేవి వేరే ఉన్నాయి. అదే బిల్లులో ఫీజులు, ఆహారం, వాపసు ఇవ్వని మరికొన్ని లైన్లు కలిపి 6,000 ఉంటే లెక్క 34,000 మీద మొదలవుతుంది. వచ్చేది 23,200, మీ చేతి నుంచి 16,800. "ఆపరేషన్‌కు గరిష్ఠంగా 15,000" అని లోపలి పరిమితి ఒకటుంటే, మొత్తం కవరేజీ ఎన్ని లక్షలని రాసున్నా వచ్చేది ఆ 15,000 మాత్రమే. మీరు కట్టేది 25,000. పైపైన పెద్ద అంకె చూపించి, లోపల చిన్న పరిమితులు పెట్టే పాలసీ కంటే, మొత్తం కాస్త తక్కువైనా లోపలి పరిమితులు లేని పాలసీ మేలు.

డిడక్టిబుల్ ఏడాదికోసారా, ఒక్కో జబ్బుకా అన్నది కూడా చూసుకోవాలి. ఒకే ఏడాదిలో 8,000 చొప్పున మూడు వేర్వేరు సమస్యలు వచ్చాయనుకోండి. ఏడాదికి ఒక్కసారి 5,000 అయితే 15,200 వస్తుంది. ఒక్కో సమస్యకు 5,000 అయితే 7,200 మాత్రమే. అదే, ఏటా 12,000 చొప్పున నాలుగేళ్లు సాగే అలర్జీ అయితే లెక్క తిరగబడుతుంది. ఏడాదికోసారి డిడక్టిబుల్ పోతే నాలుగేళ్లకు 22,400. ఆ జబ్బుకు జీవితంలో ఒక్కసారే పోతే 34,400. అల్లరి పిల్లకు మొదటిది, అలర్జీలకు పేరుపడ్డ జాతికి రెండోది అనుకూలం.

మీ "పెద్ద బిల్లు"ను ప్రతి పాలసీలోనూ ఇలా వేసి, చివరికి మీ చేతి నుంచి ఎంత పోతుందో రాయండి. ప్రీమియాలను పోల్చడం కంటే ఈ అంకెలను పోల్చడం మేలు.

7. పదేళ్ల లెక్క

మొదటి ఏడాది ప్రీమియం చూసి నిర్ణయం తీసుకోవడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. కుక్క వయసుతోపాటు అది పెరుగుతుంది. వైద్యం ఖర్చులు పెరిగినా పెరుగుతుంది, మీరు ఒక్క క్లెయిమ్ కూడా పెట్టకపోయినా సరే. నెలకు 1,000తో మొదలై ఏటా 10 శాతం పెరిగితే పదో ఏడాదికి నెలకు సుమారు 2,360, పదేళ్లలో మొత్తం దాదాపు 1,91,000. ఏటా 15 శాతమైతే పదో ఏడు నెలకు 3,500 పైన, మొత్తం 2,43,000 పైన. పెరగదనుకుని లెక్కగడితే 1,20,000 దగ్గర ఆగిపోతారు.

అడగాల్సిన ప్రశ్న: "ఇదే జాతి, ఇదే ప్రాంతంలో 8 ఏళ్ల కుక్కకు ఇవాళ ప్రీమియం ఎంత?" చెప్పకపోతే ఆన్‌లైన్ ఫారంలో వయసు మార్చి మీరే చూడండి. ఆ అంకె కట్టగలననిపిస్తేనే పాలసీ మొదలుపెట్టండి. జబ్బులు ఎక్కువయ్యే వయసులో ప్రీమియం భారమై మానేస్తే, అప్పటిదాకా కట్టిన ఏళ్లు రక్షణ ఇచ్చినట్టే గానీ అసలు అవసరానికి ముందు దిగిపోయినట్టు. పాలసీ ఏ వయసుదాకా రెన్యువల్ చేస్తారో, వయసు పెరిగాక కంపెనీ వాటా శాతం తగ్గిస్తారేమో కూడా పత్రంలో ఉంటుంది.

8. బీమాకు బదులు నిధి

ప్రీమియంగా కట్టేదాన్నే ప్రతి నెలా వేరే ఖాతాలో వేస్తే? పద్ధతి మంచిదే, మినహాయింపుల పేజీ ఉండదు, కుక్క ఆరోగ్యంగా ఉంటే డబ్బు మీదే. లోపం కాలంలో ఉంది. నెలకు 1,000 చొప్పున 40,000 పోగవ్వాలంటే 3 ఏళ్ల 4 నెలలు. సాక్సులు మింగే వయసు మొదటి ఏడాదిన్నరే, అప్పటికి ఖాతాలో ఉండేది బిల్లులో సగం కూడా కాదు. అందుకే నిధి దారి ఎంచుకునేవాళ్లు మొదటి రోజే పెద్ద బిల్లులో కనీసం సగం వేసి మొదలుపెట్టాలి. పెట్టలేకపోతే అది నిధి కాదు, మంచి ఉద్దేశం మాత్రమే.

రెండూ కలిపే దారి చాలామందికి సరిపోతుంది. డిడక్టిబుల్ ఎక్కువగా ఉన్న పాలసీ తీసుకుంటే ప్రీమియం తగ్గుతుంది. ఆ డిడక్టిబుల్‌కూ, ముందు కట్టి తర్వాత తీసుకోవడానికీ సరిపడా సొమ్ము నిధిలో ఉంచుతారు. చిన్న బిల్లులు మీవి, కూల్చేసే బిల్లు కంపెనీది. నిధి నిండాక నాలుగైదేళ్లకు బీమా మానేద్దాం అనుకోవచ్చు కానీ, అది వెనక్కి రాని నిర్ణయం. అప్పటిదాకా వచ్చిన ప్రతి జబ్బూ కొత్త పాలసీకి "ముందునుంచీ ఉన్నదే" అవుతుంది.

9. తేల్చడం

పెద్ద బిల్లు ఒక్కసారి కూడా కట్టలేని పరిస్థితి, పెద్ద ఖర్చులకు పేరుపడ్డ జాతి, దొరికే పాలసీలో ఆ జాతి జబ్బులకు కవరేజీ: ఈ మూడూ కలిస్తే తీసుకోండి, కాకపోతే 2వ అంచెలో చెప్పినట్టు ముందు కట్టాల్సిన సొమ్ముకు ఒక దారి చూసుకుని. డబ్బుంది, రాత్రిపూట ఆలోచించకుండా కట్టగలరు అంటే నిధి చాలు. డబ్బు లేదు, దొరికే పాలసీలో మీకు కావలసినవన్నీ మినహాయింపులే అంటే దాన్ని కొనడం కంటే ఆ ప్రీమియాన్ని ఖాతాలో వెయ్యడమే నయం. బీమా అంటూ ఒకటి ఉండాలి కదా అని కొనే పాలసీలే ఎక్కువగా నిరాశపరుస్తాయి. ప్రీమియమే కష్టమనిపించేవారికి ప్రమాదాల పాలసీ ఒక మెట్టు. చవకగా, కనీసం బండి ప్రమాదానికి, మింగిన వస్తువుకు పనికొస్తుంది.

10. తీసుకుంటే, మొదటి నెలలో చెయ్యాల్సినవి

చాలా కంపెనీలు 6 నుంచి 8 వారాల వయసు నుంచే తీసుకుంటాయి. తీసుకోవాలని తేలిన రోజే దరఖాస్తు పెట్టండి. వెయిటింగ్ పీరియడ్ ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. దరఖాస్తులో పుట్టిన తేదీ, జాతి నిజమే రాయాలి. కలగలుపు అయితే కలగలుపు అనే రాయండి. ఖరీదైన జాతి పేరు దాచి చవక ప్రీమియం పొందితే అది క్లెయిమ్ రోజున బయటపడుతుంది. గుర్తింపుకు చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబరు, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు అడగొచ్చు.

మొదటి పూర్తి పరీక్షలో గుండె శబ్దం, రెండు మోకాళ్లు, కళ్లు, పళ్లు, బొడ్డు, మగపిల్ల అయితే వృషణాలు చూసి, మామూలుగా ఉన్నవాటిని "మామూలు" అని రాయమనండి. రాయనిదాన్ని తర్వాత ఎవరూ రుజువు చెయ్యలేరు. కుక్కపిల్లల్లో గుండె దగ్గర చిన్న గరగర శబ్దం వినిపించి, నాలుగైదు నెలల వయసుకు దానంతటదే పోవడం మామూలే. అలాంటిది దొరికితే డాక్టరు అది హానిలేనిదిగా అనిపిస్తోందని, మళ్లీ ఫలానా వయసులో చూడాలని రాయాలి. ఆ రెండోసారి తప్పకుండా వెళ్లి "ఇప్పుడు లేదు" అని రాయించుకోండి. లేకపోతే ఆ శబ్దం రికార్డులో జీవితాంతం వేలాడుతుంది.

క్లెయిమ్‌కు "మొత్తం ఇంత" అనే చీటీ చాలదు, మందు, పరీక్ష, గది, ఫీజు విడివిడిగా ఉన్న బిల్లు కావాలి. దాంతోపాటు డాక్టరు నోట్సు, రిపోర్టులు, టీకాల పుస్తకం. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే ముందే అన్నీ అడిగి, అక్కడే ఫొటో తీసుకోండి. గడువు చాలావాటిలో నెలల్లో ఉంటుంది గానీ అత్యవసర చికిత్స గురించి కొన్ని రోజుల్లోనే తెలియజెయ్యాలనే నిబంధన ఉండొచ్చు. ముందే తెలిసిన ఆపరేషన్ అయితే, చేయించే ముందే కంపెనీకి ఎస్టిమేట్ పంపి ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది.

తిరస్కరిస్తే ఏ నిబంధన నంబరు కింద తిరస్కరించారో అడగండి. "ముందునుంచీ ఉన్నది" అంటే రికార్డులో ఏ తేదీ, ఏ లైను చూసి అన్నారో చూపమనండి. ఆ లైనుకూ ఇప్పటి జబ్బుకూ సంబంధం లేకపోతే డాక్టరు రెండు పేరాల్లో కారణంతో ఉత్తరం రాసిస్తారు. తిరస్కరణల్లో కొన్ని ఆ ఉత్తరంతోనే మారతాయి.

రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు ప్రీమియం ఒక్కటే చూసి కట్టేయకండి, కొత్త పత్రంలో కొత్త మినహాయింపు ఏదైనా చేరిందేమో చూడండి. గడువు ఒక్కరోజు తప్పినా కొన్ని కంపెనీలు కొత్త పాలసీగానే లెక్కిస్తాయి, వెయిటింగ్ పీరియడ్లు మళ్లీ మొదలవుతాయి. కంపెనీ మారాలనుకుంటే కొత్తదానిలో వెయిటింగ్ పీరియడ్ పూర్తయ్యేదాకా పాతదాన్ని ఆపకండి. ఆ ఒకటి రెండు నెలలు రెండు ప్రీమియాలు కట్టాల్సి వచ్చినా సరే.